ఏ తుపాకీ? అని అడగనివ్వండి

కొయోటీని కొట్టడానికి ఏ రైఫిల్ కొనాలి? ఈ ప్రశ్న నేను మొదటిసారి విన్నది బహదూర్‌పురాలో, జూపార్కుకి కూతవేటు దూరంలో ఉన్న ఇరానీ హోటల్లో. అడిగింది మా చిన్ననాటి దోస్తు. పుట్టింది కిషన్‌బాగ్‌లో, ఇప్పుడుండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. తెలుగువాళ్లు వీధులకి వీధులు ఇళ్లు కొనుక్కున్న ఊరది. 2018 చివర్లో అక్కడ కొయోటీలు పొద్దున్నే పరుగుకి వెళ్లినవాళ్ల మీద పడి కరిచాయి. అప్పట్నుంచి వీడికి వాటి మీద ఓ కన్నుంది. ఊళ్లో కాల్చకూడదు కాబట్టి, ఊరవతల ఒక కొలీగ్‌కి పశువుల రాంచ్ ఉంటే అక్కడికి వెళ్తానంటాడు. టెక్సస్‌లో కొయోటీకి వేట సీజన్ లేదు, ఇన్నే చంపాలన్న లెక్కా లేదు. కొయోటీ అంటే మన గుంటనక్కకి దగ్గరి చుట్టం, ఒళ్లు కాస్త పెద్దది, అంతే.

టీ చల్లారిపోయేదాకా చెప్పాడు. చిన్న .22 రిమ్‌ఫైర్ చవకే గానీ వంద మీటర్లు దాటితే నమ్మకం లేదు. "దెబ్బ తగిల్తది గానీ సావది యార్. మూడ్రోజులు పొదల్ల పడి కొట్టుకుంటది. గట్ల గావద్దు." .223 అయితే మూడున్నర గ్రాముల తూటా సెకనుకి దాదాపు కిలోమీటరు వేగంతో పోతుంది, ఒంట్లోకి దిగగానే ముక్కలవుతుంది, అవతలికి దూసుకెళ్లి ఎవరి ఆవుకో తగిలే భయం తక్కువ. .22-250 ఇంకా వేగం, కాకపోతే గొట్టం తొందరగా అరుగుతుంది. .243 బరువు తూటా, గాలికి పక్కకి జరగదు, జింకకి కూడా పనికొస్తుంది, నక్కంత జంతువుకి మాత్రం అవసరానికి మించిన దెబ్బ.

మేం అయిదుగురం ఉన్నాం. నలుగురూ వాడిని కడిగేశారు. అమెరికా పోయి మనిషివి కాకుండా పోయావన్నారు. పాపం మూగజీవాలన్నారు. (తిట్టినవాళ్లు అప్పటికే పాయా, నాన్ తిని ఉన్నారన్న చౌకబారు పాయింటు నేను లేవనెత్తను. ఆ పాయా నేనూ తిన్నాను.) నా గొడవ వేరు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఒక జంతువు శరీరం గురించి, అది ఎంతసేపట్లో చస్తుంది, గురి తప్పిన తూటా ఎక్కడికి పోతుంది అని ఆలోచించింది వాడొక్కడే. కొయోటీని చంపడం అవసరమా అంటే నా జవాబు వాడికి నచ్చదు, అది తర్వాత. కానీ చంపాలనుకున్నాక దేనితో అని అడగడం క్రూరత్వం కాదు. ఆ ప్రశ్న అడగకుండా చంపడం క్రూరత్వం. మన రెండు రాష్ట్రాల్లో పొలాల గట్ల మీద జరుగుతున్నది అదే.

మా మేనమామకి వికారాబాద్ వైపు నాలుగెకరాలుంది. మక్కజొన్న, కంది. మక్క కంకి పాలుపోసుకునే రోజుల్లో ఆయన రాత్రి ఇంట్లో పడుకోడు. పాత చీరలు కట్టాడు. మంగలి షాపు నుంచి జుట్టు తెచ్చి గట్టు పొడుగునా చల్లాడు. టపాకాయలు కాల్చాడు. మాకు పక్కనే రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఇలాంటి జంతువుల మీదే పనిచేస్తారు. చేను చుట్టూ ముళ్ల కుసుమ వేయమనీ, ఆముదం వేయమనీ, పందిని బెదిరించే అరుపులు రికార్డు చేసి వినిపించమనీ చెప్తారు. కొంత పనిచేస్తుంది, కొన్నాళ్లు. తర్వాత పంది అలవాటు పడుతుంది. ఒక్క రాత్రిలో గుంపు దిగిందంటే పొద్దున్నకి చేను బుల్డోజర్ తిరిగినట్టుంటుంది. "నష్టపరిహారం కాయితాలకు తిరిగే పైసలు నష్టపరిహారంకన్నా ఎక్కువైతున్నయి బిడ్డా" అంటాడు మామ.

ఇలాంటి మనిషి చేతికి మనం ఏ తుపాకీ ఇచ్చాం? ఏదీ ఇవ్వలేదు. కాబట్టి ఆ ఊళ్లలో ఆయుధం వేరే వచ్చింది. బైండింగ్ వైరు, నాలుగు కర్రలు, పైన పోయే లైను నుంచి ఒక కొక్కెం. ఈ ఆయుధానికి లైసెన్సు అక్కర్లేదు, గురి అక్కర్లేదు, చప్పుడు లేదు. అది పందినీ చంపుతుంది, దుప్పినీ చంపుతుంది, తెల్లారి నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతునీ చంపుతుంది. జిల్లా ఎడిషన్ తిరగేస్తే ప్రతి ఖరీఫ్‌లో ఈ వార్త ఉంటుంది, సింగిల్ కాలమ్‌లో. ఉమ్మడి ఆదిలాబాద్ అడవుల్లో పులులూ ఇలాగే పోయాయి. తీగ కాకపోతే నాటు బాంబు, తిండిలో చుట్టిన పేలుడు మందు. 2020 మేలో కేరళలో కడుపుతో ఉన్న ఏనుగు నోరు పేలిపోయి, నదిలో నిలబడి చచ్చిపోయినప్పుడు దేశమంతా ఏడ్చింది. ఆ మందు ఏనుగు కోసం పెట్టింది కాదు, పందుల కోసం పెట్టింది. పంది నోరు పేలినప్పుడు ఎవరూ ఏడవలేదు, ఎందుకంటే ఎవరికీ ఫొటో రాలేదు.

తుపాకీ పేలితే ఊరంతా వింటుంది. ఎవరు కాల్చారని అడుగుతుంది. తీగని ఎవరూ అడగరు. అహింసా పరులం అని చెప్పుకునే మనకి అసలు అలవాటైంది ఈ చప్పుడు లేని చావే. బహదూర్‌పురా వాళ్లకి ఇది తెలియంది కాదు. 2000 అక్టోబర్‌లో మా జూలోనే, బోనులో ఉన్న సఖి అనే ఆడపులిని రాత్రికి రాత్రి చంపి చర్మం ఒలిచారు. ఊరి మధ్య, గోడలూ గేట్లూ కాపలా ఉన్న చోట. తెల్లారాకే బయటపడింది.

ఇక చట్టం. 1959 నాటి ఆయుధాల చట్టంలో 13వ సెక్షన్ చదవండి, చిన్నదే. నిజంగా పంట కాపాడుకోవడానికి తుపాకీ కావాలన్న రైతుకి అది చూపించేది మజిల్ లోడర్. అంటే గొట్టం మూతిలోంచి మందూ గుళ్లూ కూరి గజంతో దట్టించి, ఒక్కసారి పేల్చాక మళ్లీ మొదట్నుంచి ఆ పనంతా చేసుకోవాల్సిన తుపాకీ. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే, ఇంకో రకం నున్నటి గొట్టం తుపాకీ ఇవ్వచ్చు. రైఫిల్ కావాలంటే దారి వేరే. తగిన కారణం ఉందని అధికారిని ఒప్పించుకోవాలి. ఆ కారణాలు ఎవరికి తొందరగా దొరుకుతాయో హైదరాబాద్‌లో పుట్టినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

రైఫిల్ గొట్టంలో మెలికల గాళ్లుంటాయి. తూటా బొంగరంలా తిరుగుతూ సూటిగా పోతుంది. నున్నటి గొట్టంలోంచి వచ్చే గుళ్లు జల్లెడలోంచి పడ్డట్టు విచ్చుకుపోతాయి. ముప్ఫై నలభై గజాలు దాటాక ఎటు పోతాయో వాటికే తెలియదు. ముదురు మగపందికి భుజాల మీద చర్మం కింద గట్టి డాలు లాంటి పొర ఉంటుంది. నాటు గుళ్లు అందులో ఇరుక్కుంటాయి. ఆ పంది చావదు. చీము పట్టి వారాల తరబడి తిరుగుతుంది, కంది చేలో ఎదురుపడిన మనిషిని చీలుస్తుంది. రైతుకి చట్టం పేరు పెట్టి మరీ చూపించిన ఆయుధం, పందిని చంపడానికి ఉన్నవాటిలో అన్నిటికంటే చెత్తది. కావాలని చేశారనను. పల్లెటూరివాడి చేతిలో సూటిగా పేలే తుపాకీ ఉండకూడదన్న పాత భయం ఇంకా సెక్షన్ల మధ్య ఊపిరి పీలుస్తోందని మాత్రం అంటాను. 1878లో లిట్టన్ తెచ్చిన చట్టం బ్రిటిష్ ఇండియాలో యూరోపియన్లకి మినహాయింపు ఇచ్చి, మనవాళ్లకి లైసెన్సు తగిలించింది. తెల్లవాడు పోయాడు, ఆ మినహాయింపు ఖాళీలో ఇంకెవరో కూర్చున్నారు.

ఇప్పుడు జర్మనీ వేట చట్టం చూడండి. అక్కడ అడవి పంది మీద గుళ్లు కాల్చడమే నిషిద్ధం. రైఫిల్ తూటా కనీసం 6.5 మిల్లీమీటర్లు ఉండాలి, వంద మీటర్ల దూరంలో కూడా దాని శక్తి 2,000 జూళ్లకి తగ్గకూడదు. ఇంగ్లండ్‌లో 1991 నాటి జింకల చట్టం కాలిబర్ .240 అంగుళాలకి, గొట్టం మూతి దగ్గర శక్తి 1,700 ఫుట్-పౌండ్లకి తగ్గకూడదంటుంది, ఒకటి రెండు చిన్న జాతులకి తప్ప. చంపడాన్ని ఒప్పుకున్న సమాజం, ఎలా చంపాలో కూడా అంకెల్లో రాసుకుంది. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ పంటకి ప్రమాదమైన జంతువుని చంపడానికి అనుమతి ఇవ్వనిస్తుంది. 62వ సెక్షన్ కొన్నిటిని కొంతకాలం హానికర జంతువులుగా ప్రకటించనిస్తుంది. ఎవరు అనుమతివ్వాలో ఉంది, ఏ షెడ్యూల్ జంతువో ఉంది. ఏ తుపాకీతో, ఎంత దూరం నుంచి అన్న అంకె ఒక్కటీ లేదు. మన దగ్గర దొరకదా అంటే, ఈషాపూర్ ఫ్యాక్టరీలో తయారయ్యే ఎనిమిది మిల్లీమీటర్ల .315 రైఫిల్ దశాబ్దాలుగా ఈ దేశంలో అమ్ముతూనే ఉన్నారు. ఎక్కువగా అది బ్యాంకు గేటు దగ్గరో, పెళ్లి ఊరేగింపులోనో కనబడుతుంది.

*

రైతు చేతిలో లేని రైఫిల్ మన ఊహలో మాత్రం భద్రంగా ఉంది. 1902లో నిజాం రాజ్యంలోని నెక్కొండ దగ్గర కర్జన్ దంపతులు చచ్చిన పులి వెనక నిలబడి దిగిన ఫొటో మీరు చూసే ఉంటారు. లాలా దీన్‌దయాళ్ తీసింది. ఇప్పుడు ఇలాంటి ఫొటోలు సెపియా రంగులో ఫ్రేము కట్టి కేఫ్ గోడలకి తగిలిస్తున్నారు. వాటికింద కూర్చుని మనం కాపీ తాగుతూ వారసత్వం అంటాం. షికారు కథల్లో కూడా తుపాకీ పేరు బారసాల చేసినట్టు చెప్తారు. కార్బెట్‌ది .275 రిగ్బీ, కెన్నెత్ ఆండర్సన్‌ది .405 వించెస్టర్. చిన్నప్పుడు నేనూ అవి నోరు తెరుచుకుని చదివాను, ఇప్పటికీ ఇష్టమే. కానీ ఆ ఇష్టం వల్ల జరిగింది ఒకటుంది. తుపాకీ ఎంపిక అనేది పెద్దమనుషుల రసికత్వం అయిపోయింది, అత్తరు ఎంపిక లాగా. సాంకేతిక ప్రశ్నగా, నీతి ప్రశ్నగా అది మిగల్లేదు.

అందుకే హైదరాబాద్ షూటర్లు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ మనకి రెండే మాటలు దొరుకుతాయి, హీరో లేదా హంతకుడు. 2016లో బిహార్‌లోని మొకామా దగ్గర రెండు వందలకు పైగా నీల్‌గాయ్‌లని కాల్చినప్పుడు, ఢిల్లీలో ఇద్దరు కేంద్రమంత్రులు పత్రికల్లో తిట్టుకున్నారు. ఎన్ని గాయపడి తప్పించుకున్నాయని ఆ గోలలో ఎవరైనా అడగ్గా నేను వినలేదు. 2018 నవంబర్‌లో యవత్మాల్ జిల్లాలో అవని అనే పులి హైదరాబాద్ నుంచి వెళ్లిన షూటర్ చేతిలో చచ్చిపోయినప్పుడు మాత్రం, తూటా ఎటు నుంచి తగిలింది, పులి అప్పుడు ఎటు తిరిగి ఉంది అని దేశమంతా చర్చించింది. మంచి చర్చ. అవసరమైన చర్చ. అది పులి కాబట్టి, దానికో పేరుంది కాబట్టి జరిగింది. పేరు లేని పందికి పోస్ట్‌మార్టం ఉండదు.

ఇప్పుడు నక్క దగ్గరికి వద్దాం. పంది విషయంలో ఏ తుపాకీ అంటే నా దగ్గర జవాబుంది. నక్క విషయంలో ఏ తుపాకీ అంటే, ఏదీ కాదు. ఇది జాలితో చెప్తున్న మాట కాదు. అమెరికా వందేళ్లకు పైగా కొయోటీ మీద యుద్ధం చేసింది. విషం, ఉచ్చులు, హెలికాప్టర్లలోంచి తుపాకులు. ఇవాళ్టికీ అక్కడి వ్యవసాయ శాఖ కింద పనిచేసే వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ ఏటా పదుల వేలల్లో కొయోటీలని చంపుతోంది. ఫలితం? ఒకప్పుడు పడమటి మైదానాల్లో ఉండే జంతువు ఇప్పుడు న్యూయార్క్ పార్కుల్లో తిరుగుతోంది, కిందికి మధ్య అమెరికా దాకా పాకింది. దారిలో వాటిని అదుపులో పెట్టే తోడేళ్లని మనిషే ఖాళీ చేసిపెట్టాడు. పైగా గుంపులో పెద్ద జంటని కొట్టేస్తే మిగిలినవి చెదిరిపోయి, కొత్త జంటలు కట్టి పిల్లల్ని పెడతాయి. తిండికి పోటీ తగ్గడంతో ఆ పిల్లలు ఎక్కువగా బతుకుతాయి. .223 అయినా .243 అయినా ఈ లెక్క మార్చలేదు. మా దోస్తు అన్ని తూటాల బరువులూ చదివాడు గానీ ఇది చదవలేదు.

మన గుంటనక్క అంతకంటే అమాయకురాలు. ఎలుకలు తింటుంది, చచ్చినవి తింటుంది, రేగుపళ్లు తింటుంది, అప్పుడప్పుడూ ఒక కోడిని ఎత్తుకుపోతుంది. ఇంకోటి కూడా తింటుంది. పంది పిల్లల్ని. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' చదివినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. రాత్రి అడవిలో ఈనిన పంది, దాని పిల్లలు, వాటికోసం చుట్టూ చేరిన నక్కలు, మధ్యలో తుపాకీ లేని ఒక ముసలాయన. ఆ నవలని మనం మనిషి పట్టుదల గురించి చదువుకుంటూ వచ్చాం. మా మామ లాంటి రైతు చేతికిస్తే ఆయన నక్కల పక్షాన చదువుతాడని నా అనుమానం. "మా చిన్నప్పుడు పొద్దుగూకంగనే నక్కలు ఊళేసేవి. ఇప్పుడు ఒక్కటి ఇనబడది. పందులే ఉన్నయి" అంటాడు. ఆయన పర్యావరణ శాస్త్రం చదవలేదు. రాత్రుళ్లు మంచె మీద చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

అదృష్టవంతుణ్ని చూసి మనం నక్కతోక తొక్కాడంటాం. ఆ అదృష్టం కోసం నక్కకి లేని కొమ్ముని కూడా పుట్టించి తాయెత్తుల్లో అమ్ముతారు. దానికోసం నిజం నక్కలు చస్తాయి. 2021లో తిరుచ్చి దగ్గర మాంసంలో నాటు బాంబు చుట్టి పెట్టి నక్కని చంపినందుకు పన్నెండు మందిని పట్టుకున్నారు. వాళ్లు నరికురవలు, దేశంలో అందరికంటే అడుగున ఉన్న సంచార జాతుల్లో ఒకరు. వాళ్లని పట్టుకోవడం తేలిక. తాయెత్తు కొనేవాడిని ఎవరు పట్టుకుంటారు?

ఇదంతా అడవుల గొడవ, సిటీలో మనకెందుకు అనుకునేవాళ్లకి ఒక ఊరి పేరు చెప్తాను. పొన్నకల్. మహబూబ్‌నగర్ జిల్లా, అడ్డాకల్ మండలం. 2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి కారులో వచ్చినవాళ్లు అక్కడ ఇరవై దాకా వీధికుక్కల్ని కాల్చి చంపి వెళ్లారు. బహదూర్‌పురాలో కుక్కల భయం నాకు తెలుసు. మా సందులో పొద్దున్నే ట్యూషన్‌కి పోయే పిల్లలు చేతిలో రాళ్లు పట్టుకుని నడుస్తారు. 2023లో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడిని కుక్కలు చంపిన వీడియో చూశాక నేను చాలా రోజులు సరిగ్గా నిద్రపోలేదు. ఆ తర్వాతే ఎయిర్‌గన్ కొంటానన్న మాట చుట్టుపక్కల ఎక్కువగా వినిపించింది. .177 బోర్, 20 జూళ్ల లోపు అయితే లైసెన్సు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టుకోవచ్చు. ఇరవై జూళ్లు కుక్కని చంపవు. కన్ను పోగొడతాయి, పొట్టలో సీసం మిగులుస్తాయి, కరవని కుక్కని కరిచే కుక్కని చేస్తాయి. కుక్కకి కావాల్సింది ఆపరేషను, రేబిస్ టీకా, మన చెత్తకుండీ మీద మూత. ఈ మూడూ మున్సిపాలిటీ పనులు. అవి జరగవు కాబట్టి కుర్రాళ్లు బోర్ సైజుల గురించి మాట్లాడుకుంటారు.

నన్ను రెండు వైపుల నుంచీ కొడతారని తెలుసు. జంతుప్రేమికులంటారు, నువ్వు ఊళ్లకి రైఫిళ్లు పంచమంటున్నావని. పంచమనట్లేదు. పగలు, పట్టాల తగాదాలు, తాగిన రాత్రులు ఉన్న ఊళ్లలో ప్రతి ఇంటికీ రైఫిల్ అంటే పందికంటే ముందు మనుషులు చస్తారు. .315 తూటా గురి తప్పితే కిలోమీటరు పైన పోతుంది, పక్క ఊరి మంచె మీద ఎవరున్నారో దానికి తెలియదు. నేను అడుగుతున్నది జీతానికి పనిచేసే మనిషిని. అటవీ శాఖలోనే, గురి పరీక్ష పాసైన మనిషిని. వారసత్వంగా వచ్చిన తుపాకీ, మీసం, జీపు ఉన్నంత మాత్రాన షూటర్ల జాబితాలో పేరు ఎక్కకూడదంటున్నాను. కేరళ 2022లో పందుల్ని కాల్చడానికి అనుమతిచ్చే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించింది. మన దగ్గరా అనుమతులు, జాబితాలు వచ్చాయి. అధికారం కిందికి దిగింది, ప్రమాణం దాంతో దిగలేదు.

రెండో వైపు రైతు సంఘాల మిత్రులంటారు, పంట పోతుంటే నీకు కాలిబర్ గొడవేంటని. తీగ ఎవరిని చంపుతోందో ఒకసారి పేర్లు రాసి చూడండి. అందులో భూస్వామి ఒక్కడూ ఉండడు. కౌలు రైతు, రాత్రి మోటారు వేయడానికి పోయిన జీతగాడు, పశువుల వెంట పోయిన పిల్లలు. చంపే పనిని ప్రభుత్వం శుభ్రంగా చేయనంత కాలం, దాన్ని వీళ్లే మురికిగా చేస్తారు, వీళ్లే చస్తారు, బతికినవాడు జైలుకి పోతాడు.

నాకు కావాల్సింది ఒక్క పేజీ కాగితం. పంది కోసం ఇచ్చే ప్రతి అనుమతికీ వెనక జతచేసేది. ఆయుధం: రైఫిల్ మాత్రమే, ఇంత కాలిబర్‌కి తగ్గకుండా. దూరం: ఇన్ని మీటర్లకి మించకుండా. తూటా వెనక మట్టి గట్టు ఉందా లేదా. కాల్చినవాడి చివరి గురి పరీక్ష తేదీ. ఎన్ని తూటాలు పేలాయి, ఎన్ని పందులు పడ్డాయి. కళేబరం ఏమైంది. అన్నిటికంటే కింద ఒక గడి, గాయపడి పారిపోయినవి ఎన్ని, వాటి వెంట ఎంత దూరం వెళ్లారు అని. అన్ని కాగితాల్లోనూ ఆ గడిలో సున్నా కనబడితే, ఆ జిల్లాకి ఎవరినైనా పంపించి చూడమంటాను.